ఆహారశుద్ధియు భూతదయయు

శ్రీమన్నారాయణుని దశావతారములను కీర్తించుచు జయదేవ మహాకవి గీతగోవిందమున బుద్ధుని కూడ స్మరించెను. యజ్ఞములందు పశువులు వధింపబడుట చూచి హృదయము కరగిన కారుణ్యమూర్తిగా ఆయన బుద్ధుని భావించెను. మన ఇండ్లలో అష్టపదులు పాడుకొనువారందరును ఆ దయామూర్తికి నమస్కరించుచునే యున్నారు. అయితే బౌద్ధగ్రంథములను కొంత చదివినవారికి ఒక సంశయము కలుగును. పశువులపై అంతటి దయ చూపిన బుద్ధుడు తన భిక్షువులకు మాంసమును పూర్తిగా ఏల నిషేధింపలేదు? రెండవ సంశయము మనకు సంబంధించినది. యజ్ఞమున పశువును విధించిన వేదమే మనకు పరమప్రమాణము గదా! ఆ వేదమును నమ్మిన వైష్ణవ కుటుంబములు మాంసమును ఎట్లు విడిచినవి?

క్షేత్రములకు వచ్చు గృహస్థులు, ముఖ్యముగా చదువుకొనుచున్న పిల్లలు గల తల్లిదండ్రులు, ఈ ప్రశ్నలను తరచుగా అడుగుచుందురు. పరదేశములకో, దూరపు పట్టణములకో పోయిన పిల్లవాడు “మనమేల తినరాదు?” అని అడిగినప్పుడు “అది మన ఆచారము నాయనా” అని ఊరకుండుట చాలదు. కారణము తెలియని ఆచారము ఒక తరము నిలుచును; రెండవ తరమున జారిపోవును. కావున బౌద్ధులు ఏమి చెప్పిరో, మన పెద్దలు ఏమి చెప్పిరో, ఇరువురి మాటలయందలి సారమేమో పక్షపాతము లేక విచారింతము.

బౌద్ధమున మాంసవిచారము

వినయపిటకములోని మహావగ్గమున ఒక వృత్తాంతము కలదు. వైశాలీనగరమున సింహుడను సేనాపతి మొదట నిర్గ్రంథులైన జైనులకు శిష్యుడై యుండి, పిదప బుద్ధుని ఆశ్రయించెను. ఆయన ఒకనాడు బుద్ధునికిని, భిక్షుసంఘమునకును భోజనము పెట్టదలచి, అంగడిలో సిద్ధముగా నున్న మాంసమును తెప్పించెను. సేనాపతి పెద్దపశువును చంపించినాడనియు, గౌతముడు తెలిసియు దానిని భుజించుచున్నాడనియు గిట్టనివారు వీధులలో చాటిరి. తన ప్రాణము నిలుపుకొనుటకైనను తెలిసి ఒక ప్రాణిని చంపనని సేనాపతి బదులు చెప్పెను. ఆ సందర్భముననే బుద్ధుడు భిక్షువులకు ఒక నియమమును ఏర్పరచెను. తన కొరకు చంపినదని చూచినను, వినినను, కనీసము సందేహము కలిగినను ఆ మాంసమును భిక్షువు ముట్టరాదు. ఈ మూడును లేనిదానిని త్రికోటిపరిశుద్ధమని బౌద్ధులు వ్యవహరింతురు. ఇదిగాక నరమాంసము, ఏనుగు, గుఱ్ఱము, కుక్క, పాము, సింహము, పులి మొదలగు పది విధముల మాంసములు ఏ స్థితిలోను తినరానివని నిషేధించెను.

రాజగృహమున జీవకుడను ప్రసిద్ధ వైద్యుడు అడిగినప్పుడును బుద్ధుడు ఈ మాటనే చెప్పెను. అంతటితో నిలువక, తన కొరకు గాని తన శిష్యుల కొరకు గాని ప్రాణిని చంపించువాడు ఐదు తావుల పాపము మూటగట్టుకొనునని వివరించెను. పశువును తెమ్మని ఆజ్ఞాపించుట మొదటిది. మెడకు త్రాడు కట్టి ఈడ్చునప్పుడు అది పడు బాధ రెండవది. చంపుమని చెప్పుట మూడవది. చచ్చునప్పటి వేదన నాలుగవది. తగని ఆహారమును సాధువుల ముందు పెట్టుట ఐదవది. మెడకు కట్టిన త్రాటి బాధను కూడ విడిగా లెక్కించిన ఆ హృదయము ఎంత సున్నితమైనదో పాఠకులు గమనింతురు గాక.

మరి పూర్తిగా ఏల మాన్పింపలేదు? దీనికి సమాధానము భిక్షుధర్మమున నున్నది. భిక్షువునకు వంటయిల్లు లేదు. గృహస్థుడు తాను వండుకొన్న దానిలో ఒక ముద్ద పాత్రలో వేయును. ఇది కావలెను, అది వలదు అని ఎంచినచో జిహ్వకు స్వాతంత్ర్యమిచ్చినట్లే యగును. పేదవాని ఇంటికి భారమును అగును. దేవదత్తుడు భిక్షువులందరును జీవితాంతము చేపలను మాంసమును విడువవలెనని, ఎల్లప్పుడు అడవులలోనే యుండవలెనని, ఇట్టివి ఐదు కఠిననియమములు విధింపుమని కోరెను. కోరినవారు ఆచరించవచ్చును గాని అందరిపైన బలవంతముగా మోపరాదని బుద్ధుడు త్రోసిపుచ్చెను. దేవదత్తుని కోరికలో దయకంటె సంఘమును చీల్చు తలంపే ఎక్కువగా నుండెనని బౌద్ధులు చెప్పుదురు. నియమము ఎంత మంచిదైనను, దానిని ఆయుధముగా పట్టినవాని చేతిలో అది చెడునని ఇందు వలన తెలియవలసి యున్నది.

గృహస్థునకు మాత్రము బుద్ధుడు ప్రాణివధను మొదటి శీలముననే మాన్పించెను. ఆయుధములు, ప్రాణులు, మాంసము, మద్యము, విషము అను ఐదింటి వర్తకమును ఉపాసకుడు చేయరాదని కూడ విధించెను. చుందుడను కమ్మరి పెట్టిన కడపటి భోజనమున నున్నది లేత పందిమాంసమా, పందులు ఇష్టపడు కందమూలాదులా అని ఆ మతమునందలి వ్యాఖ్యాతలకే భేదాభిప్రాయము కలదు. ఆ వాదమున మనము దిగ నక్కరలేదు.

కాలక్రమమున మహాయానబౌద్ధులు ఈ నియమము చాలదని తలచిరి. సంస్కృతమున లభించుచున్న లంకావతారసూత్రములో ఎనిమిదవ పరివర్తమంతయు మాంసభక్షణ నిషేధమునకే కేటాయింపబడినది. ఆద్యంతములు లేని ఈ సంసారమున ప్రతి ప్రాణియు ఏదో ఒక జన్మమున మనకు తల్లియో, తండ్రియో, తోబుట్టువో అయియే యుండును. అట్టి బంధువు మాంసమును తినుట ఎట్లు అని అందు ప్రశ్నింపబడినది. చీనాదేశమున 502 నుండి 549 వరకు ఏలిన లియాంగ్ వంశపు వూ చక్రవర్తి ఈ మార్గము ననుసరించి భిక్షువులు మద్యమాంసములు పూర్తిగా విడువవలెనని శాసించెను. నేటికిని చీనా సంప్రదాయపు విహారములలో శాకాహారమే నియమము. సింహళము, బర్మా, శ్యామదేశములలోని భిక్షువులు భిక్షాపాత్రలో పడినదానిని స్వీకరించు పాతపద్ధతిలో నున్నారు. జపానులో 1872లో ప్రభుత్వమే భిక్షువుల మాంసాహారముపై నున్న నిర్బంధమును తొలగించెను. ఒకే గురువును నమ్మినవారిలో ఇన్ని రీతులు గలవు.

మన తెలుగుగడ్డపై కూడ ఈ విచారమునకు ఒక శిలాసాక్ష్యము కలదు. కర్నూలు జిల్లాలో జొన్నగిరికి చేరువనున్న ఎఱ్ఱగుడి కొండరాళ్లపై అశోకుని శాసనములు చెక్కబడి యున్నవి. పూర్వము తన పాకశాలలో కూరలకొరకు దినదినము లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండెననియు, ఈ శాసనము వ్రాయించు నాటికి రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే చంపబడుచున్నవనియు, ఆ లేడియు నిత్యము కాదనియు, ఇకముందు ఆ మూడును చంపబడవనియు ఆ చక్రవర్తి మొదటి శాసనమున ప్రకటించెను. ఇంత పెద్ద రాజు తన వంటయింటి లెక్కను దాచక రాతిపై వ్రాయించుట అపూర్వము. ఒక్కనాడే అంతయు మానితినని ఆయన చెప్పలేదు. ఇంకను మూడు మిగిలియున్నవని ఒప్పుకొనెను. నియమమున నిజాయితి ఎట్లుండవలెనో ఈ శాసనము నేర్పుచున్నది.

వేదమార్గమున ప్రవృత్తియు నివృత్తియు

ఇక మన మార్గము. వేదము యజ్ఞమున పశువును చెప్పినమాట సత్యము. దానిని దాచుట పండితులకు తగదు. శ్రాద్ధమున మాంసమును చెప్పిన స్మృతివాక్యములును గలవు. అయితే ఆ వేదమే దాని నుండి మరలు త్రోవను కూడ చూపినది. ఐతరేయ, శతపథ బ్రాహ్మణములందు ఒక ఆఖ్యానమున్నది. యజ్ఞమునకు యోగ్యమైన సారము, అనగా మేధము, మొదట పురుషునియందుండెనట. దేవతలు పురుషుని ఆలభింపగా అది అతనిని వీడి గుఱ్ఱమున ప్రవేశించెను. ఆ వెనుక ఎద్దును, గొఱ్ఱెను, మేకను క్రమముగా చేరి, కడకు భూమిలోనికి పోయెను. దేవతలు భూమిని త్రవ్వి వెదకగా అది వరిగాను, యవలుగాను దొరకెను. కావున ధాన్యముతో చేసిన పురోడాశము పశువులన్నిటి సారమును కలిగియున్నదని ఆ బ్రాహ్మణములు చెప్పుచున్నవి. దేవతలకు కావలసినది గింజలోనే యున్నదని వేదమే పలికిన తరువాత, మన దృష్టి ఎటు తిరుగవలెనో వేఱుగ చెప్ప నక్కరలేదు.

మహాభారతమున శాంతిపర్వములోని నారాయణీయోపాఖ్యానమును వైష్ణవులు తప్పక చదువవలెను. ఉపరిచరవసువు నారాయణుని పరమభక్తుడు. ఆయన అశ్వమేధము చేసెను. బృహస్పతి హోతగా నుండిన ఆ యజ్ఞమున ఒక్క ప్రాణియు వధింపబడలేదు. అడవిలో దొరకు పదార్థములతోనే హవిస్సులు కూర్పబడెను. శ్రీహరి ఎవరికంటను పడక తన భాగమును తానే వచ్చి గైకొనెను. ఇంతటి మహారాజు కూడ ఒకనాడు తప్పటడుగు వేసెను. “అజ”శబ్దముతో యజించుమని శ్రుతి చెప్పగా, ఆ శబ్దమునకు మేక యని దేవతలును, మొలకెత్తని విత్తనములని ఋషులును వాదించుకొనిరి. ఇరువురును వసువును తీర్పరిగా కోరిరి. ఆయన నిజమెఱిగియు దేవతల పక్షము వహించి మేక యని పలికెను. తత్క్షణమే ఆకాశమున సంచరించువాడు భూమి బొరియలోనికి పడిపోయెను. అయినను అక్కడ నుండి నారాయణధ్యానము విడువలేదు గనుక కడకు స్వామి పంపగా గరుత్మంతుడు వచ్చి ఆయనను పైకి లేవనెత్తెను. ఇందు రెండు నీతులున్నవి. తెలిసి పశుపక్షము పలికిన భక్తుడును పతనము నొందును. పతితుడైనను స్వామిని విడువనివానిని స్వామి విడువడు.

దీఘనికాయములోని కూటదంతసూత్రమున ఇట్టి కథయే వినవచ్చుచున్నది. మగధదేశమున కూటదంతుడను బ్రాహ్మణుడు వందలకొలది ఎద్దులను, మేకలను కట్టించి మహాయజ్ఞము చేయబూని బుద్ధుని సలహా అడుగగా, పూర్వము మహావిజితుడను రాజు నెయ్యి, నూనె, వెన్న, పెరుగు, తేనె, బెల్లములతోనే యజ్ఞము పూర్తిచేసెనని బుద్ధుడు చెప్పెను. కట్టిన పశువులనన్నిటిని కూటదంతుడు విడిచిపెట్టెను. వసువు యజ్ఞము, మహావిజితుని యజ్ఞము ఒక్క భూమిలో పుట్టిన తలంపులే. ఈ దేశపు దయ ఒక్క మతపు సొత్తు కాదు.

మనువు ఐదవ అధ్యాయమున మొదట యజ్ఞార్థమైన వధను అంగీకరించి, ఆ వెనుక ప్రాణిహింస లేక మాంసము లభింపదని, ప్రాణిహింస స్వర్గమునకు త్రోవ కాదని, మానుటయే మహాఫలమని ముగించెను. భాగవతము మరింత స్పష్టముగా పలికినది. ఏడవ స్కంధమున నారదుడు ధర్మరాజుతో శ్రాద్ధమున మాంసము పెట్టరాదని, మునులు తిను అన్నముతో కలుగు తృప్తి పశుహింస వలన పితరులకు కలుగదని బోధించెను. నాలుగవ స్కంధమున ఆ నారదుడే ప్రాచీనబర్హికి ఆకాశమున ఒక దృశ్యమును చూపెను. యజ్ఞముల పేరిట అతడు చంపిన వేలకొలది పశువులు అతని మరణమునకై ఎదురుచూచుచు ఇనుపకొమ్ములతో నిలిచి యుండెను. శ్రాద్ధమున మాంసమును కలివర్జ్యములలో చేర్చి ధర్మశాస్త్రకారులు ఆ వాకిలిని మూసివైచిరి. నేడు మన ఇండ్లలో పితృదేవతలకు గారెలును, పాయసమును ఆ మూసిన వాకిలి గుర్తులే.

మన ఆచార్యులును ఈ విషయమున ఎంతో జాగరూకతతో మాటలాడిరి. యజ్ఞమున పశువధ కలదు గనుక ఆ కర్మ అశుద్ధమా అను ప్రశ్న బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయమున వచ్చినది. భగవద్రామానుజులు శ్రీభాష్యమున ఆ పశువు ఉత్తమలోకమును పొందునని శ్రుతి చెప్పుచున్నది గనుక అది హింస కాదని, కొంచెము బాధ పెట్టియు రక్షించు వైద్యుని వంటిదని సమాధానమిచ్చిరి. మధ్వాచార్యుల సంప్రదాయమున పిండితో చేసిన పశువుతో యజ్ఞము జరుపు పద్ధతి ప్రసిద్ధము. ఇందొక మాట మరువరాదు. భాష్యకారుల సమాధానము శ్రుతి విధించిన కర్మకే చెల్లును. వైద్యుని శస్త్రము కటికవాని కత్తికి ప్రమాణము కాదు. నాలుక కోరిన దానికి యజ్ఞమును సాకుగా చెప్పువారు శ్రీభాష్యమును తారుమారు చేయుచున్నవారు.

కొన్నవానికి పాపము లేదా?

“మేము చంపుట లేదు, అంగడిలో నున్నది కొనుచున్నాము” అను వాదము పాతది. దీనికి మనువు ఎనిమిదిమందిని లెక్కించి బదులిచ్చెను. అనుమతించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు - అందరును ఘాతకులే. అనుశాసనపర్వమున భీష్ముడు తినువాడే లేనిచో చంపువాడే యుండడని ధర్మరాజునకు చెప్పెను. తమిళమున తిరువళ్లువరు పులాలు విడుచుటను గూర్చి ఒక అధ్యాయమునే కూర్చి, తినుటకై కొనువారు లేనిచో అమ్మువారు లేరని ఈ వాదమునే చెప్పెను. లంకావతారమును ఈ దారినే నడచినది. వేఱువేఱు మార్గములవారు ఒక్క నిర్ణయమునకు వచ్చినప్పుడు ఆ నిర్ణయమున బలముండి తీరును.

అయితే మనువు పట్టికను మాంసాహారులకు మాత్రమే చూపి మనము తప్పించుకొనరాదు. అమ్మినవాడు కూడ అందున్నాడు. పాలిచ్చినన్నాళ్లు గోమాతయని పసుపుకుంకుమలు పెట్టి, వట్టిపోయిన పిదప ఎవరి చేతికి పోవునో అడుగక సంతలో త్రాడు చేతికిచ్చిన గృహస్థుడు, తాను జన్మలో మాంసము ముట్టకపోయినను, ఆ ఎనిమిదిమందిలో ఒకడే. పొలము దున్నిన ఎద్దు ముసలిదైనప్పుడును ఇదే లెక్క. పట్టణమున పాలు కొని త్రాగు మనకును ఆ ఆవుల గతిని విచారించు బాధ్యత కొంత లేకపోలేదు. వట్టిపోయిన ఆవులను పోషించు గోశాలకు నెలకొక గడ్డిమోపు వెల పంపుట మన శాకాహారమునకు అంగమని నా మనవి. అది లేనిచో మన నియమము కంచమున మొదలై కంచముననే ముగియును.

నివేదనమే నియమము

శ్రీవైష్ణవునకు ఈ నియమము ఎక్కడ నుండి వచ్చినది? ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయమున ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగునని, దాని వలన స్థిరమైన స్మృతి కలుగునని చెప్పబడినది. శ్రీశంకరులు ఆహారశబ్దమునకు ఇంద్రియములు గ్రహించు విషయములన్నియు అని అర్థము చెప్పి, రాగద్వేషములు లేక గ్రహించుటయే శుద్ధి అనిరి. శ్రీరామానుజులు శ్రీభాష్యారంభమున వాక్యకారుల మాటలను ఆశ్రయించి, భక్తికి ఏడు సాధనములను చెప్పుచు వివేకమును మొదట నిలిపిరి. వివేకమనగా అన్నము యొక్క శుద్ధి. అన్నమునకు మూడు దోషములు. పదార్థము స్వభావము చేతనే దుష్టమైనచో జాతిదోషము. ఎవనిదో ఆ యజమాని దుష్టుడైనచో ఆశ్రయదోషము. ఎంగిలి, వెండ్రుక మొదలగునవి తగిలినచో నిమిత్తదోషము. ఈ మూడును లేని అన్నము వలన శరీరము శుద్ధమగును.

పాఠకులు ఆశ్రయదోషమును మరల ఒకసారి చదువుదురు గాక. అంగడి పొట్లముపై పచ్చచుక్క చూచి జాతిదోషము లేదని మనము సంతోషించుచున్నాము. ఆ పొట్లము కొన్న డబ్బు ఎట్లు వచ్చినదో ఏ చుక్కయు చెప్పదు. లంచముతో కొన్న బియ్యము, కూలివాని కూలి ఎగవేసి కొన్న పప్పు ఆశ్రయదోషముతో చెడినవే. ఈ ఏడు సాధనములలోనే కల్యాణమనునది ఒకటి. సత్యము, ఋజుత్వము, దయ, దానము, అహింస, పరుల సొమ్ము కోరకుండుట అందు చేరినవి. అన్నశుద్ధిని మొదట చెప్పి, అహింసను దయతో జతచేసి వెనుక చెప్పిన ఆ క్రమమున ఆచార్యుల అభిప్రాయము సువ్యక్తము. ఒకటి వదలి ఒకటి పట్టుకొనుటకు వీలులేదు.

దీనికంతటికిని మూలమొక్కటే. మన ఇండ్లలో వంట తినుటకు చేయబడదు. స్వామికి నివేదించుటకు చేయబడును. తనకొరకే వండుకొనువాడు పాపమునే భుజించునని గీత మూడవ అధ్యాయమున స్వామి సెలవిచ్చెను. తనకేమి కావలెనో తొమ్మిదవ అధ్యాయమున తానే చెప్పుకొనెను. ఆకు, పువ్వు, పండు, నీరు. లక్ష్మీపతి ఇంతటి చిన్న కోరిక కోరుట పేదవానికి కూడ అందుబాటులో నుండుటకే. తిరుమలలో వైఖానసాగమము ననుసరించి స్వామికి దధ్యోదనము, పులిహోర, చక్కెరపొంగలి మొదలగునవి నివేదింపబడుచున్నవి. ఇంట నున్న అర్చామూర్తికిని అదే పద్ధతి. “నేనేమి తినవచ్చును?” అని అడుగువానికి శాస్త్రమంతయు వెదకినను వాదములు తెగవు. “స్వామి ముందు ఏమి పెట్టగలను?” అని అడుగువానికి వాదమే లేదు. భిక్షువు తన పాత్రలో పడినదానిని విచారించెను. వైష్ణవ గృహస్థుడు తన పాత్రను స్వామి ముందు నిలిపి విచారించును. రెండు పద్ధతులకు భేదమిక్కడ నున్నది. భిక్షువునకు వంటయిల్లు లేదు గనుక అతని బాధ్యత కొంతవఱకే. మనకు వంటయిల్లు కలదు. కావున మన బాధ్యత పూర్ణము.

కౌశికుడు నేర్చిన పాఠము

ఇంత చెప్పిన పిదప చెప్పకపోయినచో దోషమగు మాట ఒకటి కలదు. అరణ్యపర్వమున కౌశికుడను బ్రాహ్మణుడు చెట్టు క్రింద వేదము చదువుకొనుచుండగా కొమ్మపైనున్న కొంగ రెట్ట వేసెను. ఆయన కోపముతో తలయెత్తి చూచెను. కొంగ చచ్చి నేలపై పడెను. నిష్ఠాపరుడైన తపస్వి తన చూపుతోనే ఒక ప్రాణిని చంపినాడు. పిదప భిక్షకు పోగా, భర్తృసేవలో నుండి ఆలస్యము చేసిన ఒక ఇల్లాలు, కోపమును జయింపని వానికి ధర్మము తెలియదని చెప్పి, మిథిలలోని ధర్మవ్యాధుని దగ్గరకు పొమ్మనెను. ఆయన కూర్చున్నది మాంసపు అంగడి. తాను చంపడు, ఇతరులు చంపి తెచ్చినది కులవృత్తిగా అమ్మును, తాను మాంసము తినడు. వృద్ధులైన తల్లిదండ్రులను దేవతలుగా కొలుచును. దున్నునప్పుడు, నడచునప్పుడు కూడ ఎన్నో ప్రాణులు నశించుచున్నవని, సంపూర్ణముగా అహింసకుడు లోకమున లేడని, అయినను ప్రయత్నించువాని వలన హింస తగ్గునని ఆయన బోధింపగా వేదపండితుడు చేతులు జోడించుకొని వినెను.

ఇదియే మన మనువు చెప్పిన పంచసూనల రహస్యము. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అను ఐదును గృహస్థుని ఇంటనున్న ఐదు వధ్యస్థానములు. ఎంతటి శాకాహారి ఇంట నైనను ఇవి తప్పవు. అందు వలననే పంచమహాయజ్ఞములు విధింపబడినవి. కావున మాంసము తినువారిని చూచి ముఖము చిట్లించుకొనుట, ప్రక్కయింటివారిని నీచముగా మాటలాడుట, ఒక పంక్తి వారిని మరియొక పంక్తి వారు అవమానించుట భాగవతధర్మము కాదు. పరాంకుశాది మహనీయులు భగవద్భక్తిలో జాతికులములను లెక్కింపలేదు. అహింస పేరిట మనుష్యుని హృదయమును గాయపరచుట కౌశికుని చూపువంటిదే. కొంగ ఒక్కటే పడినది. మన చూపునకు ఎందరు పడుచున్నారో!

గృహస్థులకు కొన్ని మాటలు

తరతరములుగా మాంసము ముట్టని కుటుంబములవారు ఆ నియమమును నిలుపుకొందురు గాక. పిల్లలకు కారణముతో నేర్పుదురు గాక. భయపెట్టి నేర్పిన నియమము ఇల్లు దాటినంతనే పోవును. ఇంటి దేవుని ముందు పిల్లవాని చేతితోనే పండు పెట్టించి, చీమకు పంచదార, కాకికి ముద్ద, ఆవునకు గడ్డి వేయించి చూడుడు. దయ చేతికి అలవాటైన పిదప నాలుక దానంతట అదియే లోబడును.

మాంసాహారమున పుట్టి పెరిగిన భక్తులు, మాకీ స్వామి దూరమా అని దిగులు పడనక్కరలేదు. మన తెలుగునాట ఎన్నో కుటుంబములలో శనివారము వేంకటేశ్వరుని వారమని మాంసము ముట్టరు. కార్తికమాసమున, మ్రొక్కు చెల్లించుటకు తిరుమల పోవునప్పుడు నియమము పాటింతురు. అది చిన్నదని తలపరాదు. అశోకుని వంటయింట లక్షలు మూడైనవి. పిదప ఆ మూడును పోవునని ఆయన వ్రాయించెను. ఒక శనివారము నిష్ఠతో గడచినచో రెండవ దినము దానికి తోడగును. భాగవతము పదునొకండవ స్కంధమున మద్యమాంసములను గూర్చిన విధులన్నియు మనుష్యుని మెల్లగా మరలించుటకే ఏర్పడినవని చెప్పుచున్నది. మరలుట ఏ మెట్టు నుండియైనను మొదలుపెట్టవచ్చును. రోగులు, వృద్ధులు, పసివారు వైద్యుని మాట వినవలసియున్న చోట వారిని బాధించుట దయ కాదు.

అతిథి వేఱు ఆచారము గలవాడైనను మన ఇంట స్వామి ప్రసాదమును ఆదరముతో పెట్టవలెను. ఆతని ఇంట మనము భుజింపలేకపోయినచో చేతులు జోడించి, పండో పాలో తీసికొని, నవ్వుముఖముతో మరలవలెను. నియమము మనది, దాని కొరకు ఇతరులు సిగ్గుపడునట్లు చేయరాదు.

బుద్ధభగవానుడు మెడత్రాటి బాధను లెక్కించెను. నారదుడు చంపబడిన పశువుల కన్నులను రాజునకు చూపించెను. ఉపరిచరవసువు పశువు లేని యజ్ఞమున హరిని పిలిచెను. శ్రీరామానుజులు అన్నశుద్ధిని భక్తికి తొలిమెట్టు చేసిరి. ధర్మవ్యాధుడు వేదపండితుని గర్వమును అణచెను. వీరందరి మాటను ఒక్కచోట కూర్చిన నియమముగా ఈ పూట వంట ముగియగానే ఆకులో వడ్డించి, తులసిదళము నుంచి, ఈ అన్నము వలన ఏ ప్రాణికిని, ఏ మనుష్యునికిని నా చేత కీడు కలుగకుండుగాక అని స్వామికి విన్నవించుకొనుడు. ఆ విన్నపము నిజమగునట్లు పగలంతయు నడచుకొనుడు. సమస్తభూతములకు అంతర్యామియైన శ్రీనివాసుడు అట్టి వారి నివేదనమును ప్రీతితో స్వీకరించి, వారి కుటుంబములను చల్లగా కాపాడుగాక!

స్వస్తి.